ఎడమవైపు కొలతలు

మడవొద్దన్నాను. నేను రాసిన మొదటి మాటే అది, గుడ్డ మడవొద్దు, పరిచింది పరిచినట్టే ఉంచు అని. ఇప్పుడు ఈ లైబ్రరీలో మూడో నంబరు కంప్యూటరు ముందు కూర్చుని, కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకుని చూస్తే, నా మాట ఉండాల్సిన చోట ఒకటో అంకె వేసి, పక్కనే నల్లగా, నీటుగా, "గుడ్డను నిలువుగా రెండు మడతలు వేసుకోవాలి" అని ఉంది. దాని కింద రెండు, మూడు, నాలుగు, అలా పదకొండు దాకా, బడిపిల్లలు ప్రార్థనకి నిలబడ్డట్టు ఒకదాని కింద ఒకటి నిలబడి ఉన్నాయి. చివర్న "కాజాలక్క గారి పోస్టును అందరికీ అర్థమయ్యేలా సర్దాను" అని కొలతబద్ద అనే ఆయన రాశాడు. ఆ కింద అద్దంవెనక అనే ఆవిడ రాసింది: "ఇప్పుడు బాగా అర్థమైందండీ. చాలా థాంక్స్. ఇవాళ నాలుగింటికి కోస్తాను." గోడగడియారంలో మూడు దాటి రెండు నిమిషాలైంది.

కాజాలక్కని నేనే. కుట్టుపనివాళ్ళంతా చేరి మాట్లాడుకునే ఈ సూదీదారం ఫోరంలో ఎవరికీ సొంత పేరుండదు, తలా ఒక పేరు తగిలించుకుంటారు. ముప్పై ఏళ్ళపాటు మా ఆయన కోసి కుట్టిన చొక్కాలకి కాజాలు తీసింది నేనే కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాను. కొలతబద్ద ఇక్కడి పెద్దమనిషి, ఎవరేం రాసినా చూసేది, దిద్దేది, చాలనిపిస్తే తాళం వేసేది ఆయనే. ఇక అద్దంవెనక అంటే టికెట్ల కౌంటర్లో పనిచేసే ఆవిడ. బుధవారం ఆవిడ రాసిన నాలుగు ముక్కలూ నాకు కంఠతా వచ్చేశాయి. ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. సోమవారం డ్యూటీలో చేరాలి. అద్దం వెనక కూర్చుంటాను, రోజంతా జనానికి కనిపించేది నా పైసగమే. యూనిఫారం చొక్కాకి ఆఫీసువాళ్ళు ఏడాదికి ఒక్క ముక్కే ఇస్తారు. దర్జీని అడిగితే అందరికీ కోసినట్టే కోస్తాను, లోపల ఏదో ఒకటి కుక్కుకో అన్నాడు. పక్కింటావిడ మిషను శనివారం సాయంత్రం దాకా వాడుకోమంది. కుట్టడం వచ్చు, కొయ్యడం రాదు. ఒంటి కొలతలు కింద ఇచ్చాను. ఎవరైనా చెప్తారా? అంతే రాసింది. ఏడుపు బొమ్మలు పెట్టలేదు, దండాలు పెట్టలేదు. అందుకే నేను చెప్తానన్నాను.

గురువారం ఇదే కుర్చీలో కూర్చుని గంటసేపు రాశాను. ఇక్కడ ఒక కార్డుకి రోజుకి ఒక్క గంటే ఇస్తారు. గుడ్డ మీద సుద్దతో ఎలా గీస్తానో అలాగే రాశాను. ఎడమ ముక్క కొలతలు ఎడమపక్కన, కుడి ముక్కవి కుడిపక్కన, నడుమ ఖాళీ. గుండీల పట్టీ వచ్చే చోటు అది, అక్కడ ఏమీ ఉండకూడదు. డాటు, అంటే రొమ్ము గుండ్రానికి వేసే మడతకుట్టు, పట్టాల్సిన చోట నక్షత్రం పెట్టాను, సుద్దతోనూ అంతే పెడతాను. కత్తెర ఆగాల్సిన చోట అడ్డం రెండు నిలువు రెండు గీతల గళ్ళగుర్తు. చూసుకున్నాను, గుడ్డ పరిచినట్టే ఉంది. పంపమన్న మీట నొక్కాను. పోస్టయింది, కానీ నేను రాసింది కాదు. నడుమ నేనుంచిన ఖాళీని యంత్రం మింగేసి, ఎడమ అంకెనీ కుడి అంకెనీ పక్కపక్కనే కూర్చోబెట్టింది. నక్షత్రాలన్నిటినీ తీసేసుకుని, రెండు నక్షత్రాల మధ్య ఉన్న పాపానికి ఏవేవో మాటల్ని లావు చేసింది. వాక్యాలన్నీ కలిసిపోయి పిండిముద్ద. గళ్ళగుర్తు పెట్టిన ఒక్క వాక్యం మాత్రం తాటికాయంత అక్షరాలతో పేజీ మధ్యలో వేలాడింది. "అరవకండి, కాజాలక్క గారూ. ఇక్కడ పెద్ద అక్షరాలు అరుపు కింద లెక్క" అన్నాడు కొలతబద్ద. అరుపట. ఆ వాక్యం, "ఇక్కడ నెమ్మదిగా కొయ్యి, మచ్చ దగ్గరికొచ్చాం" అన్నది. జీవితంలో ఇంతకన్నా మెల్లగా నేనెవరితోనూ మాట్లాడలేదు. దాన్ని సరిచేద్దామనేలోగా నా గంట అయిపోయింది, నిన్న లైబ్రరీకి సెలవు, ఈలోగా ఆయన సర్దేశాడు. తొమ్మిదిన్నర, పదిన్నర అని పక్కపక్కన రెండు అంకెలు కనిపిస్తే ఆయనేమనుకున్నాడో ఊహించగలను. ముసలావిడ, టైపింగు రాదు, ఒకటి కొట్టబోయి ఇంకొకటి కొట్టింది అనుకుని ఉంటాడు. మొదటి అంకె ఉంచి రెండోది కొట్టేశాడు. అంటే రెండు వైపులా ఎడమ కొలతే. ఎక్కువ కోసిపెట్టి ఉంటే తరవాత తగ్గించుకోవచ్చు, తక్కువ కోశాక ఏ దేవుడూ గుడ్డని సాగదియ్యలేడు. కుడివైపు గుండీ పడదు. ఆ ఆడమనిషికి మిగిలిన ఒక్క వైపు కూడా పట్టని చొక్కా ఆవిడ చేతే కోయిస్తున్నాడు, పదకొండు అంకెలు వేసి, నా పేరు పెట్టి.

ముందు అరిచాను. ఈసారి నిజంగానే. "ఆగు. కొయ్యొద్దు. గుడ్డ మడవొద్దు. ఆ కొలతలు తప్పు, రెండు వైపులా ఒకటి కాదు." పంపాను. పంపి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను, బస్సు ఎక్కించి వచ్చినవాళ్ళలా. ఆవిడ చూస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? నా ఫోను మాటలకి తప్ప దేనికీ పనికిరాదు, ఆవిడ నంబరు తెలియదు, విడిగా ఉత్తరం రాద్దామంటే యాభై పోస్టులు దాటినవాళ్ళకే ఆ తలుపు, ఫొటో పెట్టడానికీ అంతే. నావి పదకొండు. పక్క కుర్చీలో పేపరు చదివే పెద్దాయన ఉన్నాడు, నాలుగింటికి ఈ కంప్యూటరు ఆయనది, మూడింటి నుంచీ వచ్చి దానికి కాపలా కాస్తుంటాడు. వంగి చూశాడు.

"ఏంటమ్మా అంత గట్టిగా కొడుతున్నారు, వీలునామానా?"

"చొక్కా."

"చొక్కాకి అంత కోపమా!"

"వేసుకునేవాళ్ళకి తెలుస్తుంది లెండి" అన్నాను. పుస్తకాలావిడ బల్ల దగ్గర నుంచి వేలు పెదవి మీద పెట్టింది. ఆయన పేపరు తిరగేశాడు. మూడూ పదమూడు. అద్దంవెనక జవాబు ఇచ్చింది: "ఆగానక్కా. కానీ కొలతబద్ద గారు సరిచూశారు కదా? మీ పాత పోస్టు ముద్దలా ఉంది, ఏది ఎడమో ఏది కుడో తెలీట్లేదు. మిషను ఆరింటికి ఇచ్చెయ్యాలి." వెనకాలే కొలతబద్ద. ఆయన ఎప్పుడూ వెనకాలే ఉంటాడు. "కాజాలక్క గారూ, దయచేసి గందరగోళం చెయ్యకండి. అభ్యంతరం ఉంటే ఒకే పోస్టులో, శుభ్రమైన పద్ధతిలో, కింద ఇచ్చిన సూచనల ప్రకారం రాయండి. సమాధానం దొరికింది కాబట్టి నాలుగింటికి ఈ చర్చ మూసేస్తున్నాను." దయచేసి అన్నాడు, గారూ అన్నాడు. మర్యాదకేం తక్కువ లేదు. ఇన్నేళ్ళలో నన్ను పక్కకి జరగమన్న ప్రతి ఒక్కరూ గారూ అనే జరగమన్నారు.

సరే, శుభ్రంగా రాద్దాం, రాయలేనా ఏం. సూచనల పేజీ తెరిచాను. కొత్త వరస కావాలంటే వాక్యం చివర రెండు ఖాళీలు వదలాలట. ఖాళీలు. కనిపించని వాటిని లెక్కపెట్టి చివర్న కుట్టాలట, కనిపించేలా నేను నడుమ పెట్టిన ఖాళీనేమో వాళ్ళే మింగేస్తారట. ఏ కొట్లో ఉంటుందీ న్యాయం? అయినా పెట్టాను. ఒక వాక్యం, రెండు ఖాళీలు, ఒక వాక్యం, రెండు ఖాళీలు, దారం చివర ముడి వేసినట్టు. ముందుగా చూసుకునే కిటికీలో మొదటి మూడు వరసలు నిలబడ్డాయి. ప్రాణం లేచొచ్చింది. నాలుగో వరస అంకెతో మొదలుపెట్టాను, 16 వేసి చుక్క పెట్టి, పక్క కుట్టు పొడుగు అని. చూద్దును కదా, పదహారు పోయి ఒకటి అయింది. కింద 15 రెండయింది. అంకె వేసి చుక్క పెడితే వరస నంబరు అనుకుంటుందట, తనే ఒకటి నుంచి ఎంచుకుంటూ పోతుందట. పదహారు అంగుళాల మనిషిని ఒక్క అంగుళం చేసి కూర్చోబెట్టింది. నవ్వొచ్చింది. ఒళ్ళు మండింది. రెండూ ఒకేసారి రావడం నాకు కొత్త కాదు.

పంతులమ్మ కూడా ఇలాగే అనేది, గీత మీద కూర్చోబెట్టాలమ్మా అక్షరాన్ని, మీ అక్షరాలు ఎక్కడికో ప్రయాణం కట్టినట్టున్నాయి అని. మునిసిపాలిటీ ఆఫీసు వెనకగదిలో సాయంకాలం బడి, విరిగిన కుర్చీలు ఒకవైపు, మేం ఎనిమిది మందిమి ఒకవైపు, నాకు యాభైనాలుగేళ్ళు. మా ఆయన పోయిన ఏడాదికి వెళ్ళాను. ఆయన బతికుండగా ఎన్నిసార్లు అడిగానో, కొలతల పుస్తకంలో రాసింది చదవడం నాకూ నేర్పవయ్యా అని. "నీకెందుకే ఆ తంటా, నేను లేనా" అనేవాడు. ప్రేమగానే అనేవాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. నేను లేనా అన్నాడు, తరవాత లేడు. కొట్టు మిగిలింది, కత్తెర మిగిలింది, అరలో నాలుగు కొలతల పుస్తకాలు మిగిలాయి, ఒక్క గీత కూడా నాకు అర్థం కాని పుస్తకాలు. వాటిని ముందేసుకుని కూర్చుంటే పక్కింట్లో పెళ్ళి మాటలు గోడ ఇవతల నుంచి విన్నట్టుండేది. అప్పటిదాకా నాకున్నవి నా గుర్తులే. నక్షత్రం, గళ్ళు, సున్నలో చుక్క, మెలిక. ఎవరూ నేర్పలేదు, నా చేతికి అవసరమై పుట్టాయి. ఇవాళ ఈ యంత్రం ఒక్కొక్కదాన్నీ ఏరుకుని తింటోంది.

మళ్ళీ కొట్టాను, ఇంకోలా. అంకె ముందు గీత పెట్టాను, గీతని చుక్క చేసింది. ముందు ఖాళీ వదిలి మొదలుపెట్టాను, ఆ వాక్యాన్ని బూడిదరంగు పెట్టెలో పెట్టి కుడివైపు చివర కోసేసింది, మిగతా మాటలు తలుపు సందులో చీరకొంగు ఇరుక్కున్నట్టు ఇరుక్కుపోయాయి. పెద్దాయన దగ్గాడు. మూడూ ఇరవైయ్యేడు. కిటికీ అవతల ఎవరో సైకిలు స్టాండు వేశారు, ఆ చప్పుడు కత్తెర బల్ల మీద పెట్టినట్టే ఉంటుంది. పెద్ద కత్తెర, నల్లపిడిది, మా ఆయనది. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ముట్టుకున్నాను, ఒక్కసారి, ఆయన గుండీల సరుకు తేవడానికి వెళ్ళిన మధ్యాహ్నం. మా తోటికోడలి కోసం. ఆవిడకీ ఇదే ఆపరేషన్, ఇదే ఎడమవైపు. ఆయన పాపం మూడు చొక్కాలు కుట్టిపెట్టాడు, మూడింటికీ గుడ్డ మడిచి రెండు వైపులా ఒకేలా కోసి, ఎడమ లోపల మెత్త పెట్టాడు. మెత్త పైకి జరిగేది. ఆవిడ నలుగురిలో మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి అక్కడ పెట్టుకుని కిందికి లాగేది, లాగానని తెలిసి సిగ్గుపడేది, సిగ్గుపడి మాట మరిచిపోయేది. ఒకప్పుడు ఎంత మాటకారి! పెళ్ళైన కొత్తలో నన్ను ఆటపట్టించడానికే పుట్టింది అనుకునేదాన్ని. అలాంటి మనిషి నోరు మూతపడటానికి రోగం కాదు కారణం, చొక్కా. నేను పడకగది తలుపేసి, ఆవిడ్ని నిలబెట్టి, కొలిచాను. కొలిచేటప్పుడు ఆవిడ గోడకేసి చూసింది. "నన్ను చూడవే, గోడకి చొక్కా కుట్టట్లేదు" అన్నాను. నవ్వింది. నవ్వితే ఎడమవైపు చర్మం ఎలా లాగుతుందో అప్పుడు కనిపించింది. అది చూడకపోతే కొలత రాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు, లేనిదాన్ని లేనట్టు కొలవాలి. లేనిదాన్ని ఉన్నట్టు కొలవబట్టే మూడు చొక్కాలూ అబద్ధం ఆడాయి.

మడవకుండా కోశాను. ఎడమ ముక్క వెడల్పు అంగుళం తక్కువ, డాటు లేదు, డాటు లేదు కనక పక్క పొడుగూ అంగుళం తక్కువ, చంక మాత్రం అర అంగుళం వదులు, ఎందుకంటే అటు చెయ్యి పొద్దుగూకేసరికి వాస్తుంది. పట్టీ మాత్రం గొంతు గుంటకి సూటిగా, నడిమధ్యన. బల్ల మీద రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే తప్పు కోసినట్టే ఉన్నాయి. అయినా కుట్టాను. ఆవిడ తొడుక్కుంది, గుండీలు పెట్టుకుంది, చేతులు ఎత్తింది, దించింది. అద్దంలో చూసుకుంటూ, "ఈ చొక్కా నన్నేమీ అడగట్లేదే" అంది. ఆ తరవాత ఆరేళ్ళు బతికింది, ఆరేళ్ళూ మాట్లాడుతూనే బతికింది. మా ఆయన ఆ చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. తిరగేసి, కుట్లు చూసి, మడిచి ఇచ్చేశాడు. అక్షరాలొచ్చాక మొదట చదివింది ఆయన పుస్తకాలే. మూడోదానిలో తోటికోడలి పేజీ దొరికింది. ఎడమ, కుడి, రెండు కొలతలూ విడివిడిగా, నావే, ఆ చొక్కా మీద టేపు పెట్టి కొలిచి రాసుకున్నట్టున్నాడు. పైన చక్కని దస్తూరీతో "నా కొత్త కోత" అని. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. మళ్ళీ చదివాను, తప్పు చదివానేమో అని. నాలుగోసారికి పెన్సిలు తీసి, ఆ పేజీలోనే, గీత మీద కూర్చోని అక్షరాలతో రాశాను: కాదు. నాది. పంతులమ్మ చెప్పకుండా నా అంతట నేను రాసిన మొదటి మాటలవి. ఆయన మీద ప్రేమ లేక కాదు. పోయినవాళ్ళతో కూడా దెబ్బలాడుకోవచ్చు, అందులో అమర్యాదేం లేదు.

మూడూ ముప్పైనాలుగు. "పిన్నీ, ఇంకో ఇరవై ఆరు నిమిషాలే" అని పుస్తకాలావిడ దూరం నుంచే వేళ్ళు చూపించింది. తెర మీద నా ముద్ద అలాగే ఉంది. ఒకే పోస్టు అన్నాడు. ఒకే పోస్టులో పెట్టినవన్నీ కలిసిపోతాయి. కలిసిపోతే తినేస్తుంది. మరి కలవనివ్వకపోతే? ఒక్కో వాక్యం ఒక్కో పోస్టు. అందులో వరస తప్పడానికి రెండో వరసే ఉండదు. అంకెలు వేస్తే కదా మార్చేది, అక్షరాల్లో రాస్తాను. యాభైనాలుగేళ్ళకి నేర్చుకున్న అక్షరాలు, ఒక్కోదాన్నీ వెతుక్కుని కొడతాను, అయినా పదహారు అని అక్షరాల్లో రాస్తే ఎవడూ దాన్ని ఒకటి చెయ్యలేడు. అందవికారంగా ఉంటుంది, ఉండనీ. ఆయన ఫోరం గుమ్మం నిండా నా చెప్పులే కనిపిస్తాయి, కనిపించనీ.

"గుడ్డ మడవకుండా పరుచు." పంపాను. "నడిమధ్యన పై నుంచి కిందికి ఒక గీత గియ్యి, అక్కడ పట్టీ వస్తుంది." పంపాను. మూడోది కొట్టి పంపబోతే ఎర్రగా ఒక పట్టీ దిగింది: ఒకరే వరసగా మూడు పోస్టులు పెట్టరాదు, మరొకరు స్పందించేవరకు ఆగండి. ఆగాను. ఆగక చేసేదేముంది. మూడూ ముప్పైతొమ్మిది. నడిమి గీత దగ్గర ఆగిపోయిన గుడ్డ ఎక్కడో ఒక ఇంట్లో నేల మీద పరిచి ఉంది, దాని పక్కన ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, లేదా లేదు, విసుగొచ్చి ఆ పదకొండు అంకెల దగ్గరికి వెళ్ళిపోయింది. అవి వరసగా ఉన్నాయి మరి. వరసగా ఉన్నదాన్ని ఎవరైనా నమ్ముతారు. ఆస్పత్రిలో ఇచ్చిన కాగితం వరసగా ఉంటుంది, ఆఫీసు ఉత్తర్వు వరసగా ఉంటుంది. పరిగెత్తుకొచ్చి చెప్పినవాళ్ళ మాటే చిందరవందరగా ఉంటుంది. చూడు తల్లీ, చూడు. నలభై. నలభై ఒకటి.

నలభై రెండుకి నా రెండో పోస్టు కింద ఒక పోస్టు పుట్టింది. ఒక్క అక్షరం. "ఊ."

కథ చెప్పేటప్పుడు పిల్లలు కొడతారే, ఆ ఊ. ఉన్నాను, వింటున్నాను, తరవాత? అన్నీ ఒక్క అక్షరంలోనే. ఎర్రపట్టీ పోయింది. "గీతకి ఎడమవైపు ముక్క, ఛాతీ దగ్గర వెడల్పు తొమ్మిదిన్నర." పంపాను. "గీతకి కుడివైపు ముక్క, అదే చోట, పదిన్నర." పంపాను. ఆగాను. "ఊ." "ఎడమ పక్క పొడుగు పదిహేను, డాటు లేదు." "కుడి పక్క పొడుగు పదహారు, అందులో ఒక అంగుళం డాటు తినేస్తుంది, తిన్నాక రెండు పక్కలూ సమానం." "ఊ. ఇప్పుడర్థమైంది ఎందుకో." అర్థమైందట. ముందు వివరించి తరవాత కొయ్యమంటారు ప్రపంచంలో, గుడ్డ మీద అలా కాదు, చెయ్యి వెళ్ళాక బుద్ధి వెళుతుంది. ఒక అక్షరం బదులు ఇంకోటి పడుతోంది, దిద్దుతున్నాను, పంపుతున్నాను. "ఎడమ చంక అర అంగుళం లోతుగా గియ్యి." పంపాను. "వీపు ముక్కలో కూడా ఆ పక్క అంతే." పంపాను. ఇంకోటి కొడుతుండగా మధ్యలో కొలతబద్ద దిగాడు.

"ఏంటండీ ఇది? ఇది చర్చావేదికా, మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారా? పేజీ చూడండి ఎలా తయారైందో!"

చూశాను. నిజంగానే ఎలాగో తయారైంది. నేనూ ఆవిడా, నేనూ ఆవిడా, ఊ, ఊ, ఊ, నిచ్చెన మెట్లలా. నాకు వేరే సంగతి కనిపించింది. వరసగా రెండు పెట్టేసి మళ్ళీ ఎర్రపట్టీకి దొరికిపోయాను, ఆవిడ గీస్తున్నట్టుంది, ఊ రాలేదు, ఈయన వచ్చి తిట్టాడు. ఆ తిట్టు కూడా మరొకరి స్పందనే కదా. పట్టీ ఎగిరిపోయింది. నవ్వాపుకోలేకపోయాను. పెద్దాయన పేపరు దించి, "వీలునామా బాగా కుదిరినట్టుంది" అన్నాడు. "మచ్చ దగ్గర కుట్టు లోపలికి మెత్తని పాత గుడ్డ పట్టీ వెయ్యి, కొత్త గుడ్డ ఒరుసుకుంటుంది." పంపాను. "ఎడమ చెయ్యి ముక్క కూడా అంగుళం వెడల్పు ఎక్కువ, సాయంత్రానికి వాపొస్తే పట్టెయ్యదు." పంపాను. అంతలో ఆయనే మళ్ళీ రాశాడు, ఈసారి గొంతు వేరు: "ఒక్క నిమిషం. అంటే రెండు అంకెలూ మీరు కావాలనే వేశారా? నేను పొరపాటనుకున్నాను." నేను ఆయనకి జవాబివ్వలేదు. ఇస్తే ఒక పోస్టు పోతుంది, నాకు రెండే ఉంటాయి, ఇద్దరి మధ్య పంచాల్సి వస్తే అవి ఆవిడవి. కాసేపాగి ఇంకోటి రాశాడు: "సరే. పూర్తి చెయ్యండి. తరవాత వీటన్నిటినీ ఒకచోట చేర్చి నేను సర్దుతాను." దీనికి మాత్రం ఇచ్చాను. ఉన్న రెండింటిలో ఒకటి ఖర్చుపెట్టి మరీ ఇచ్చాను. "సర్దొద్దు. ఇంకొకామె వచ్చి ఇదే అడుగుతుంది. ఇలాగే చదువుకుంటుంది."

మూడూ యాభైయ్యారు. పుస్తకాలావిడ లేచి ఇటే వస్తోంది, తాళాల చప్పుడు. పెద్దాయన పేపరు మడుస్తున్నాడు. అద్దంవెనక ఏమీ అనట్లేదు. యాభైయ్యేడు. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి ఎక్కడ వణుకుతుందో నాకు తెలుసు, చంక మలుపు దగ్గర, అక్కడ గీత లోపలికి తిరగాలి, చెయ్యేమో ఎప్పుడూ అలవాటు కొద్దీ బయటికి పోతుంది. ఊపిరి బిగపట్టకమ్మా, వదిలి గియ్యి. ఇది రాయలేను, రాస్తే మిగిలిన ఒక్క పోస్టూ అయిపోతుంది. యాభైయ్యేడున్నర. తెర మీద ఊ రాలేదు. వచ్చింది వేరే.

"గీశానక్కా. రెండు ముక్కలూ ఒకలా లేవు. చూస్తుంటే భయమేస్తోంది. నిజంగా కొయ్యమంటారా?"

నాలుగింటికి రెండు నిమిషాలు. నా వెనక పుస్తకాలావిడ నిలబడింది, భుజం మీద చెయ్యి వేసింది, తియ్యలేదు, తనూ చదువుతోంది. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవలసిన పని లేకపోయింది, వేళ్ళకే తెలిసింది.

"ఒకలా ఉండకూడదు. కొయ్యి."